సిలికాన్ చిప్‌లోకి వెలుగు ఎక్కించాలంటే: గ్రేటింగా, ఎడ్జా, ఇంకోటా?

లేజర్ నుంచి బయల్దేరింది 10 మిల్లీవాట్లు. చిప్ మీద ఉన్నది అర సెంటీమీటరు తిన్నని వేవ్‌గైడ్ (వెలుగును నడిపించే సన్నటి సిలికాన్ తీగ) ఒక్కటే. అవతలి ఫైబర్ చివర పవర్ మీటర్ మాత్రం 1 మిల్లీవాటు చూపిస్తోంది. ఈ అంకె మొదటిసారి చూసినవాళ్లు వేవ్‌గైడ్ చెడిపోయిందేమో అని దాని వెంట పడతారు. లెక్క వేస్తే సంగతి వేరు. పదో వంతు మిగిలిందంటే పోయింది 10 డీబీ (డెసిబెల్; 3 డీబీ పోతే సగం మిగులుతుంది). వేవ్‌గైడ్‌లో సెంటీమీటరుకు 2 డీబీ పోతుందనుకున్నా అర సెంటీమీటరులో పోయేది 1 డీబీయే. తక్కిన 9 డీబీలో సగం లోపలికి వచ్చే గుమ్మం దగ్గర, సగం బయటికి పోయే గుమ్మం దగ్గర పోయింది.

ఆ గుమ్మాన్ని ఎలా కట్టుకోవాలి, ఉన్న పద్ధతుల్లో ఎవరికి ఏది నప్పుతుంది అనేది ఇక్కడ మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రీసెర్చ్ పేపర్లో కనిపించే అతి తక్కువ డీబీ అంకె చూసి కప్లర్ (ఆ గుమ్మానికి పేరు) ఎంచుకోకూడదు. మీ బల్ల మీద ఏ ఫైబర్ ఉంది, దాన్ని జరిపి అమర్చే స్టేజ్ ఏది ఉంది, చివర్లో ఫైబర్‌ని గ్లూతో అతికించేది ఉందా లేదా, వీటిని చూసి ఎంచుకోవాలి. గ్లూ గట్టిపడ్డాక మిగిలేదే మీ అసలు అంకె.

చిక్కంతా సైజు దగ్గరే

టెలికాం వాళ్లు వాడే మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు మచ్చ వ్యాసం సుమారు 10.4 మైక్రాన్లు. సిలికాన్ వేవ్‌గైడ్ వెడల్పు 450 నానోమీటర్లు, ఎత్తు 220 నానోమీటర్లు. వైశాల్యాలు పోలిస్తే తేడా దాదాపు 850 రెట్లు. పెద్ద కాలువ నీళ్లను వేలెడు తూములోకి మళ్లించినట్టు ఉంటుంది. నీళ్లయితే గట్టు దగ్గర ఆగి నెమ్మదిగా దిగుతాయి. వెలుగు ఆగదు, దారి దొరకనిదంతా పక్కలకు చెదిరిపోతుంది. ఫైబర్ కొసని తిన్నగా ఆ వేవ్‌గైడ్ ముందు పెడితే నూరో వంతు కూడా లోపలికి పోదు.

వేవ్‌గైడ్ ఇంత చిన్నగా ఉండటం లోపం కాదు, సిలికాన్ గొప్పతనమే అది. సిలికాన్ వక్రీభవన గుణకం 3.48, చుట్టూ ఉన్న గాజుది 1.44. ఇంత తేడా ఉండబట్టే వెలుగు అంత సన్నటి తీగలో ఇమిడిపోయి, 5 మైక్రాన్ల వ్యాసార్థంతో మలుపు తిరిగినా బయటికి జారదు. గోరంత చిప్ మీద వందల పరికరాలు పట్టేది అందుకే.

ఈ చిక్కుకు రెండు పెద్ద దారులు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. 2002లో బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ నుంచి డిర్క్ టైలార్ట్, ఆయన సహచరులు వెలుగును పై నుంచి దించే గ్రేటింగ్ కప్లర్ పని ప్రచురించారు. అదే ఏడాది జపాన్‌లో టెలికాం కంపెనీ ఎన్‌టీటీ వాళ్లు, 2003లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో మికాల్ లిప్సన్ బృందం, చిప్ అంచు నుంచి ఎక్కించే తలకిందుల టేపర్‌ని (అంచుకు వచ్చేసరికి సన్నబడే వేవ్‌గైడ్), అంటే ఎడ్జ్ కప్లర్‌ని, చూపించారు. ఇవాళ మీరు ఏ ఫౌండ్రీ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) ఇచ్చే రెడీమేడ్ డిజైన్ల లైబ్రరీ తెరిచినా కనిపించేవి ఈ రెండింటి వారసులే.

వివరాల్లోకి వెళ్లేముందు రెండు చిన్న లెక్కలు చేతిలో పెట్టుకోండి, ఎంపికలో సగం పని అవే చేస్తాయి. మొదటిది, ఫైబర్ పక్కకు జరిగితే ఎంత పోతుందనేది. రెండు మచ్చలూ ఒకే సైజులో ఉన్నప్పుడు, మచ్చ వ్యాసంలో దాదాపు నాలుగో వంతు జరిగితే 1 డీబీ పోతుంది. 10.4 మైక్రాన్ల మచ్చకు అది 2.5 మైక్రాన్లు, 2.5 మైక్రాన్ల మచ్చకు 0.6 మైక్రాన్లే. రెండోది, మచ్చల సైజులు కలవకపోతే ఎంత పోతుందనేది. 10.4 మైక్రాన్ల ఫైబర్‌ని 3 మైక్రాన్ల మచ్చ ఉన్న కప్లర్ ముందు పెడితే, అమరిక ఎంత బాగా కుదిరినా 5.5 డీబీ పోతుంది. అదే 4 మైక్రాన్ల ఫైబర్ పెడితే పోయేది 0.35 డీబీ. "ఎడ్జ్ కప్లర్ మంచిది" అని ఎవరైనా అంటే, ఏ ఫైబర్‌తో అని వెంటనే అడగండి. మామూలు ఫైబర్‌తో వాడితే అదే ఎడ్జ్ కప్లర్ గ్రేటింగ్ కంటే అధ్వాన్నంగా పనిచేస్తుంది.

పై నుంచి దించడం: గ్రేటింగ్ కప్లర్

వేవ్‌గైడ్‌ని 10, 12 మైక్రాన్ల వెడల్పుకు విప్పి, దాని మీద దువ్వెన పళ్లలా గాడులు చెక్కుతారు. 220 నానోమీటర్ల సిలికాన్‌లో 70 నానోమీటర్ల లోతు, గాడికీ గాడికీ మధ్య సుమారు 630 నానోమీటర్ల దూరం అనేవి 1550 కోసం బాగా వాడుకలో ఉన్న కొలతలు. ఒక్కో గాడి దగ్గర కాస్త కాస్త వెలుగు పైకి లేస్తుంది. అవన్నీ ఒకే దిశలో కలిసేలా దూరం లెక్కగడతారు కాబట్టి, నిలువుకు 8 నుంచి 10 డిగ్రీలు వాలి ఒక పుంజంగా బయటికొస్తుంది. ఫైబర్‌ని అదే కోణంలో పైన పట్టుకుంటే సరి. పూర్తి నిలువుగా ఎందుకు పట్టుకోరంటే, ఆ కోణంలో గాడులు వెలుగును వచ్చిన దారినే వెనక్కి కూడా కొడతాయి.

నష్టం రెండు చోట్ల. గాడులకు పైన, కింద అనే తేడా పెద్దగా తెలియదు, కాబట్టి సగానికి దగ్గరగా వెలుగు కిందికి, సబ్‌స్ట్రేట్‌లోకి (చిప్ అడుగున ఉండే మందపాటి సిలికాన్) పోతుంది. కింద ఉన్న గాజు పొర మందాన్ని బట్టి అందులో కొంత తిరిగి పైకి వచ్చి కలుస్తుంది, లేదా పైకి వెళ్లేదాన్నే చెడగొడుతుంది. ఇక రెండోది ఆకారం. అన్ని గాడులూ ఒకేలా ఉంటే వెలుగు మొదట్లో ఎక్కువ, పోనుపోను తక్కువ లేస్తుంది. ఫైబర్ మచ్చ మాత్రం మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఈ రెండు ఆకారాలూ 80 శాతం మించి కలవవు. అందుకే సాదా గ్రేటింగ్‌కు 3 నుంచి 5 డీబీ నష్టం మామూలు. గాడుల వెడల్పును క్రమంగా మార్చుకుంటూ పోతే ఆకారం సరిపోతుంది. కింద లోహపు అద్దం పెడితే దిగిపోయేది తిరిగొస్తుంది. ఈ రెండూ కలిపి 2014 నాటికే 0.6 డీబీ దరిదాపుల్లోకి వచ్చారు. కానీ ఆ అద్దం కోసం చిప్ వెనక నుంచి సిలికాన్ తొలిచి లోహం వేయాలి, లేదా వేఫర్‌ని మరో వేఫర్‌కి అతికించాలి. మీరు చిప్ పంపే ఫౌండ్రీ అది చేయకపోతే ఆ 0.6 మీకు సంబంధం లేని అంకె.

ఇక బ్యాండ్‌విడ్త్, అంటే ఎంత తరంగదైర్ఘ్యాల పరిధిలో బాగా పనిచేస్తుందనేది. 1 డీబీ తగ్గేలోపు సాదా గ్రేటింగ్ ఇచ్చేది 35, 40 నానోమీటర్లు. టెలికాం సీ బ్యాండ్ 1530 నుంచి 1565 వరకు, అంటే 35 నానోమీటర్లు. పీక్ (నష్టం అన్నిటికంటే తక్కువ ఉండే తరంగదైర్ఘ్యం) సరిగ్గా మధ్యలో పడితే అతికినట్టు సరిపోతుంది, పడకపోతే ఒక కొస కుంటుతుంది. సిలికాన్ మందం, గాడి లోతు కొద్ది నానోమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, పీక్ జరుగుతుంది. కోణం మార్చి దాన్ని కొంత సరిచేసుకోవచ్చు. ఒక డిగ్రీ పెంచితే పీక్ సుమారు 7 నానోమీటర్లు చిన్న తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. ల్యాబులో ఇది గొప్ప వెసులుబాటు. ఫైబర్ అతికించేశాక ఆ వెసులుబాటు ఉండదు.

పోలరైజేషన్ (వెలుగు తరంగం ఊగే దిశ) సంగతి ఇంకా కఠినం. సాదా గ్రేటింగ్ ఒక్క పోలరైజేషన్‌నే తీసుకుంటుంది, రెండోదాన్ని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. మామూలు ఫైబర్‌లో పోలరైజేషన్ నిలకడగా ఉండదు. బల్ల మీద ఫైబర్ చుట్టను మోచేత్తో తాకి చూడండి, పవర్ మీటర్ మీద అంకె కళ్ల ముందే కదులుతుంది. అందుకే ల్యాబులో పోలరైజేషన్ కంట్రోలర్ పాడిల్స్ తిప్పుకుంటూ కూర్చుంటాం. రెండు దిశల్లో గాడులున్న గ్రేటింగ్ పెడితే రెండు పోలరైజేషన్లూ విడివిడి వేవ్‌గైడ్లలోకి పోతాయి, కాకపోతే నష్టం ఇంకాస్త పెరుగుతుంది.

ఇన్ని చిక్కులున్నా దీన్ని ఎందుకు ఇష్టపడతానంటే, పని జరుగుతుంది కాబట్టి. చిప్‌లో ఏ మూలనైనా పెట్టుకోవచ్చు. వేఫర్‌ని కోయకముందే, ఒక్కో చిప్ మీద ఫైబర్ దించి కొలుచుకుంటూ పోవచ్చు. అమరికలో 2.5 మైక్రాన్ల తప్పు జరిగినా 1 డీబీ లోపే. చిప్ అంచు ఎలా కోశారో, ఎంత నున్నగా ఉందో దానికి అనవసరం.

గ్లూ వేసిన సాయంత్రం

ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు వల్ల నాకు ఒక చిప్ పోయింది. అప్పుడు నేనున్న ల్యాబులో 8 ఫైబర్ల అరేని (ఒకే వరుసలో కట్టిన ఫైబర్లు) గ్రేటింగ్‌ల మీద మొదటిసారి అతికిస్తున్నాం. గాలిలో అమర్చినప్పుడు లూప్‌బ్యాక్‌లో (ఒక కప్లర్ నుంచి నేరుగా ఇంకో కప్లర్‌కి పోయే వేవ్‌గైడ్) 1550 దగ్గర పోయింది 9 డీబీ. చాలా సంతోషం. సూదితో ఒక చుక్క యూవీ గ్లూ (యూవీ లైటు పడితే గట్టిపడేది) వేశాను. చుక్క ఫైబర్ కిందికి పాకుతుండగానే మీటర్ మీద అంకె జారడం మొదలైంది. 9 కాస్తా 11, 13, చివరికి 15 దగ్గర ఆగింది. ఫైబర్ జరిగిపోయిందనుకుని గంటసేపు అటూ ఇటూ జరిపాను. ఒక్క డీబీ కూడా తిరిగి రాలేదు. టెన్షన్‌లో యూవీ లైటు వేసేశాను.

మర్నాడు లేజర్‌ని 1500 నుంచి స్కాన్ చేస్తే పీక్ చక్కగా ఉంది, 1518 దగ్గర. ఫైబర్ కదల్లేదు, గ్రేటింగ్ చెడలేదు. గాలి స్థానంలోకి 1.45 దరిదాపు గుణకమున్న గ్లూ వచ్చింది, అంతే. గ్రేటింగ్‌కి కావలసింది కోణం కాదు, గుణకాన్ని కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చే విలువ. గాలిలో 10 డిగ్రీలకు డిజైన్ చేసిన కప్లర్‌కి గ్లూ లోపల కావలసిన కోణం సుమారు 7 డిగ్రీలు. నేను 10 దగ్గరే ఉంచాను కాబట్టి పీక్ 30 నానోమీటర్ల పైచిలుకు కిందికి జారింది. ఆ చిప్ మీది రెజొనేటర్లన్నీ (కొన్ని తరంగదైర్ఘ్యాలనే పట్టుకునే పరికరాలు) 1550 చుట్టూ కొలవాల్సినవి.

కాబట్టి గ్రేటింగ్ ఎంచుకుంటే, గ్లూ ఏదో, దాని గుణకమెంతో, ఫైబర్ అరే కొస ఏ కోణంలో పాలిష్ చేయిస్తారో లేఔట్ (చిప్ డిజైన్ బొమ్మ) పంపకముందే తేల్చుకోండి. ఫౌండ్రీ లైబ్రరీలో రాసిన పీక్ గాలిలో కొలిచిందా, గ్లూతో కొలిచిందా అని మెయిల్ పెట్టి అడగండి. నేను అడగలేదు.

అంచు నుంచి ఎక్కించడం: ఎడ్జ్ కప్లర్

ఇక్కడి ఉపాయం మొదట వింటే నమ్మబుద్ధి కాదు. వెలుగు మచ్చను పెద్దది చేయడానికి వేవ్‌గైడ్‌ని సన్నం చేస్తారు. 450 నానోమీటర్ల వేవ్‌గైడ్‌ని 100 నుంచి 300 మైక్రాన్ల పొడవునా మెల్లగా సన్నం చేసుకుంటూ చిప్ అంచు దగ్గరికి 100 నానోమీటర్ల కొసగా తెస్తారు. అంత సన్నటి కొస వెలుగును పట్టి ఉంచలేదు. పిడికిలి వదులైనట్టు వెలుగు చుట్టూ ఉన్న గాజులోకి విచ్చుకుని 3 మైక్రాన్ల మచ్చ అవుతుంది. వెలుగు ఎక్కువగా గాజులో ఉంటుంది కాబట్టి అంచు దగ్గర తిరిగి కొట్టేది 3 శాతం చిల్లరే. మొద్దు సిలికాన్ అంచయితే 30 శాతం వెనక్కి వచ్చేది.

దీని బలం బ్యాండ్‌విడ్త్. గాడుల లెక్క ఏదీ లేదు కాబట్టి 100 నానోమీటర్లు దాటినా పెద్దగా మార్పుండదు. రెండు పోలరైజేషన్లనూ దాదాపు సమానంగా తీసుకునేలా డిజైన్ చేయవచ్చు. బాగా కుదిరిన కప్లర్‌కు ఒక్కో వైపు 1 నుంచి 2 డీబీ. కెనడాలో ఒట్టావా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పావెల్ చెబెన్ బృందం కొసను సన్నటి ముక్కలుగా కోసి, ముక్కలకూ ఖాళీలకూ సగటు గుణకం వచ్చేలా చేసి, 2015లో 0.32 డీబీ చూపించింది. అది 3.2 మైక్రాన్ల మచ్చ ఇచ్చే లెన్స్‌డ్ ఫైబర్‌తో.

ఆ చివరి మాటలోనే ఉంది తిరకాసు. లెన్స్‌డ్ ఫైబర్ అంటే కొసను గుండ్రంగా చేసి, కొద్ది మైక్రాన్ల దూరంలో వెలుగును చిన్న మచ్చగా కూర్చే ఫైబర్. అది కూర్చేది గాజుకూ గాలికీ గుణకంలో తేడా ఉన్నందువల్ల. మధ్యలో గ్లూ పోస్తే లెన్స్ మాయమైపోతుంది. అంటే లెన్స్‌డ్ ఫైబర్‌తో వచ్చే గొప్ప అంకె ల్యాబు బల్లదే, గ్లూతో కట్టిన ప్యాకేజీది కాదు. పైగా 0.6 మైక్రాన్లు జరిగితే 1 డీబీ పోతుంది కాబట్టి, పీజో స్టేజ్ (నానోమీటర్ల లెక్కన జరపగలిగేది) లేకుండా దాని జోలికి పోవద్దు. ఏసీ గాలి నేరుగా స్టేజ్ మీద పడే గదిలో పది నిమిషాలకోసారి అమరిక సరిచేసుకోవాల్సి వస్తుంది. అరగంట సాగే స్కాన్ మొదట్లో ఒక నష్టం, చివర్లో ఒక నష్టం ఉంటే ఆ డేటాను ఏమని నమ్మాలి?

అతికించాల్సి ఉంటే నా సలహా హై ఎన్ఏ ఫైబర్ (వెలుగును మామూలు దానికంటే చిన్న మచ్చలో పట్టి ఉంచేది). యూహెచ్ఎన్ఏ4 అనే రకానికి 1550 దగ్గర మచ్చ 4 మైక్రాన్లు. కొస చదునుగా ఉంటుంది, గ్లూ పోసినా ఏమీ కాదు. రెండో వైపు దాన్ని మామూలు ఫైబర్‌కి ఫ్యూజన్ స్ప్లైసర్‌తో (కొసలు కరిగించి కలిపే యంత్రం) అతకవచ్చు. స్ప్లైసింగ్‌లో వేడి కాస్త ఎక్కువసేపు ఇస్తే కోర్‌లోని డోపెంట్ పాకి మచ్చ పెద్దదవుతుంది, అతుకు దగ్గర నష్టం తగ్గుతుంది. అమరిక సహనం కూడా 1 మైక్రాన్‌కు పెరుగుతుంది.

మచ్చను నేరుగా 10 మైక్రాన్లకే పెంచేస్తే పోదా అనిపిస్తుంది. సిలికాన్ కింద ఉన్న గాజు పొర 2 లేక 3 మైక్రాన్లే. మచ్చ అంతకంటే బాగా పెద్దదైతే వెలుగు కింది సిలికాన్‌లోకి కారిపోతుంది. దానికోసం అంచు కింద సిలికాన్‌ని తొలిచేయడం, పైన సిలికాన్ నైట్రైడ్ పొరలు పేర్చడం వంటి పనులు చేస్తారు. పెద్ద ఫౌండ్రీలు ఇవి ఇస్తాయి. గ్లోబల్‌ఫౌండ్రీస్ లాంటివాళ్లు చిప్ అంచులో వి ఆకారపు గాడి కూడా చెక్కి ఇస్తారు, అందులో మామూలు ఫైబర్‌ని పడుకోబెడితే తనంతట తానే సరైన చోట కూర్చుంటుంది. ఇది దొరికితే ఎడ్జ్ కప్లర్ మీద నాకున్న అభ్యంతరాల్లో చాలావరకు తీరిపోతాయి. యూనివర్సిటీ వాళ్ల చిన్న బడ్జెట్ పరుగుల్లో (ఫౌండ్రీలో ఒక విడత చిప్‌ల తయారీ) ఇది అరుదు.

అంచు తయారీ గురించి ఒక్క మాట. రంపపు బ్లేడు సరిగ్గా కొస మీదుగా పోతుందని నమ్మకండి. సన్నటి కొసను అదే వెడల్పుతో కోత గీత దాటి ఇంకో 50 మైక్రాన్లు పొడిగించండి. అప్పుడు బ్లేడు అటూ ఇటూ అయినా, పాలిష్‌లో కొంత అరిగినా, బయటపడే కొస వెడల్పు మారదు. ఫౌండ్రీ రంపంతో కాకుండా లోతుగా ఎచ్ చేసి (తొలిచి) అంచు ఇస్తానంటే కళ్లకద్దుకుని తీసుకోండి. కొస వెడల్పు ఎంతవరకు తేగలరో కూడా అడగాలి. ఈ-బీమ్‌తో (ఎలక్ట్రాన్ పుంజంతో గీయడం) 80 నానోమీటర్లు కష్టం కాదు, 193 నానోమీటర్ల లిథోగ్రఫీతో (ఆ తరంగదైర్ఘ్యపు వెలుగుతో అచ్చు వేయడం) 150, 180 దగ్గర ఆగిపోవచ్చు. ఆ తేడాకే మచ్చ సైజు మారిపోతుంది.

మిగతా దారులు

ఫోటోనిక్ వైర్ బాండింగ్ జర్మనీలో కార్ల్స్‌రూహేలో క్రిస్టియన్ కూస్ బృందం నుంచి వచ్చింది. ఫైబర్‌కీ చిప్‌కీ మధ్య ద్రవ పాలిమర్ పోసి, లేజర్‌తో అందులోనే త్రీడీ తీగ గీస్తారు. రెండు కొసలూ ఎక్కడున్నాయో కెమెరా చూసుకుని దాని ప్రకారం తీగ వంగుతుంది, కాబట్టి ముందు అమరిక అంత కచ్చితంగా ఉండక్కర్లేదు. లేజర్ చిప్‌లు, సిలికాన్, ఫైబర్ మూడింటినీ ఒకే పెట్టెలో కలపాలంటే ఇది చాలా అందమైన పద్ధతి. యంత్రం ఖరీదైంది, అది ఉన్నవాళ్ల దగ్గరికి మనం వెళ్లాల్సిందే.

రెండు వేవ్‌గైడ్లను ఒకదాని మీద ఒకటి ఆనించి, ఒకటి సన్నబడుతుంటే రెండోదానిలోకి వెలుగు మెల్లగా మారేలా చేసే పద్ధతి ఇంకొకటి. లేజర్‌ని సిలికాన్ మీదే కట్టడంలో దీని విలువ తెలుస్తుంది. ఇంటెల్, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరాలో జాన్ బవర్స్ బృందం కలిసి 2006లో ప్రకటించిన హైబ్రిడ్ సిలికాన్ లేజర్ ఈ దారికి దగ్గరిదే. వెలుగు పుట్టించే ఇండియం ఫాస్ఫైడ్‌ని సిలికాన్ వేఫర్‌కి అతికించి, వెలుగును కిందికి దించారు. 2016లో ఇంటెల్ 100జీ ట్రాన్స్‌సీవర్లు (సెకనుకు 100 గిగాబిట్ల డేటాను వెలుగుగా పంపి, అందుకునే పరికరాలు) అమ్మకానికి తెచ్చింది ఈ పునాది మీదే. లోపలి గుమ్మం సమస్యే లేదు, బయటికి పోయేది ఒక్కటే మిగిలింది. విడి లేజర్ చిప్ కొని పెట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, దాని మచ్చ 1 నుంచి 3 మైక్రాన్లే ఉంటుంది, కాబట్టి ఎడ్జ్ కప్లర్ దానికి సహజమైన జోడి. అయితే లక్స్‌టెరా అనే అమెరికా కంపెనీ లేజర్‌ని, లెన్స్‌ని, ఐసోలేటర్‌ని (వెలుగు వెనక్కి రాకుండా ఆపేది) ఒక చిన్న డబ్బాలో కట్టి, గ్రేటింగ్ మీదికి కిందికి చూసేలా అతికించింది. ఆ కంపెనీని 2019లో సిస్కో తీసుకుంది. గ్రేటింగ్ ల్యాబు బొమ్మ అని ఎవరైనా అంటే ఇది చెప్పండి.

ఎవరు ఏది తీసుకోవాలి

మొదటి చిప్ పంపుతున్న ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థి అయితే గ్రేటింగ్. ఇందులో నాకు సందేహం లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలోనో మద్రాస్ ఐఐటీలోనో చేరి చేసినా, బయటి ఫౌండ్రీ పంచుకునే పరుగులో చోటు కొన్నా ఇదే మాట. మీరు కొలవబోయేది మీ పరికరాన్ని. ఒక మధ్యాహ్నంలో 40 పరికరాలు కొలవగలగడం, ఒక్కో పరికరం దగ్గర 2 డీబీ మిగుల్చుకోవడం కంటే విలువైనది. గ్రేటింగ్‌ని సొంతంగా డిజైన్ చేయకండి, లైబ్రరీలో ఉన్నదే వాడండి. ఫైబర్ అరేల్లో ఫైబర్ల మధ్య దూరం 127 లేక 250 మైక్రాన్లు ఉంటుంది, మీ గ్రేటింగ్‌లను అదే దూరంలో పెట్టండి. ఈ చిన్న విషయం మరిచిపోయి 100 మైక్రాన్ల దూరంలో పెట్టినవాళ్లు తర్వాత ఒక్కో ఫైబర్‌తో కుస్తీ పడతారు.

డేటా సెంటర్ ట్రాన్స్‌సీవర్ డిజైన్ అయితే ముందు ఎన్ని తరంగదైర్ఘ్యాలో చూడండి. నాలుగు ఫైబర్లలో ఒకే తరంగదైర్ఘ్యం పంపే పీఎస్ఎమ్4, డీఆర్4 రకాలకు గ్రేటింగ్ హాయిగా సరిపోతుంది. ఒకే ఫైబర్‌లో 1271, 1291, 1311, 1331 నాలుగూ పంపే సీడబ్ల్యూడీఎమ్4 అయితే మొదటి దానికీ చివరి దానికీ 60 నానోమీటర్ల తేడా. సాదా గ్రేటింగ్‌లో రెండు కొసల ఛానళ్లూ బాగా నష్టపోతాయి. అక్కడ ఎడ్జ్ తప్పదు. రిసీవర్ వైపు ఇంకో మెలిక ఉంది. వచ్చే వెలుగు ఏ పోలరైజేషన్‌లో వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. రెండు దిశల గ్రేటింగైనా ఉండాలి, లేదా ఎడ్జ్ కప్లర్ వెనక పోలరైజేషన్‌ని విడదీసి తిప్పే పరికరమైనా ఉండాలి. నేనైతే రెండోది ఎంచుకుంటాను.

సెన్సర్ చేసేవాళ్లు, ముఖ్యంగా చిప్ మీద ద్రవం పారించేవాళ్లు, ద్రవం ఎక్కడ, ఫైబర్ ఎక్కడ అని కాగితం మీద గీసి చూసుకోవాలి. పై నుంచి ఫైబర్ దిగితే ద్రవపు గొట్టానికి చోటుండదు. ఇలాంటప్పుడు ఎడ్జ్ మేలు, లేదంటే గ్రేటింగ్‌లను కొన్ని మిల్లీమీటర్లు దూరంగా లాగి పెట్టాలి. చిప్ పారేసి కొత్తది పెట్టుకునే రకం సెన్సరైతే అతికించకుండా పై నుంచి దించే గ్రేటింగే మళ్లీ మేలు, ఎందుకంటే 2.5 మైక్రాన్ల సహనం ఉంటే మామూలు యాంత్రిక అమరికతోనే గడుస్తుంది.

ఎక్కువ పవర్ ఎక్కించాలంటే ఇంకో సంగతి చూడాలి. 1550 దగ్గర సిలికాన్ ఒక ఫోటాన్‌ని మింగలేదు గానీ రెండింటిని కలిపి మింగగలదు. పవర్ పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అందుకే అంచు దగ్గర, ఈ నష్టం దాదాపు లేని సిలికాన్ నైట్రైడ్ వేవ్‌గైడ్‌లోకి ఎక్కించి, అక్కడే పవర్‌ని పంచి, తరువాత సిలికాన్‌లోకి మార్చడం పద్ధతి. ఫౌండ్రీలో నైట్రైడ్ పొర ఉందో లేదో చూసుకోండి.

జంట ఫోటాన్లతో క్వాంటమ్ ప్రయోగం చేసేవాళ్లకు నష్టం రెండింతలు తగులుతుంది. బయటికొచ్చే గుమ్మం దగ్గర 3 డీబీ పోతే ఒక్కో ఫోటాన్ బయటపడే అవకాశం సగం, రెండూ బయటపడే అవకాశం నాలుగో వంతు. 1 డీబీకి తెస్తే రెండూ బయటపడేవి 63 శాతం. అదే ప్రయోగం రెండున్నర రెట్లు వేగంగా పూర్తవుతుంది. ఇక్కడ మాత్రం ప్రతి అర డీబీ కోసం పోరాడండి. ఎడ్జ్ కప్లర్, హై ఎన్ఏ ఫైబర్, మంచి పాలిష్, వీలైతే అద్దమున్న గ్రేటింగ్‌తో పోల్చి చూడటం, ఏదీ వదలొద్దు.

ఏది ఎంచుకున్నా లేఔట్‌లో లూప్‌బ్యాక్ పెట్టండి. మధ్యలో ఏ పరికరమూ లేకుండా ఒక కప్లర్ నుంచి ఇంకో కప్లర్‌కి పొట్టి వేవ్‌గైడ్, అంతే. అందులో వచ్చిన నష్టాన్ని రెండుతో భాగిస్తే కప్లర్‌ది తెలుస్తుంది. అది తెలియకుండా మీ పరికరం నష్టం ఎంతో చెప్పలేరు. చిప్ నాలుగు మూలల్లోనూ ఒక్కోటి ఉంటే, ఒక మూల నుంచి ఇంకో మూలకు పీక్ ఎంత జరిగిందో కూడా కనిపిస్తుంది. ఫైబర్ అరే అతికించేవాళ్లు మొదటి, చివరి ఛానళ్లను లూప్‌బ్యాక్‌కి కేటాయించండి. గ్లూ గట్టిపడుతున్నంతసేపూ ఆ రెండింటినీ చూస్తూ, లేజర్‌ని ఒక్క తరంగదైర్ఘ్యం దగ్గర నిలపకుండా స్కాన్ చేస్తూ ఉండండి. అంకె పడిపోతే ఫైబర్ జరిగిందో, పీక్ జరిగిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది, యూవీ లైటు వేయకముందే.